నీలి చొక్కాల కథ – 7వ భాగం: తిట్టిన నోళ్లతోనే

కిందటి భాగంలో దోహా దగ్గర ఆగాం. 1993 అక్టోబరు 28. ఇరాక్ మీద జపాన్‌ది 2-1 ఆధిక్యం, ఆట ముగియడానికి క్షణాలే మిగిలాయి. ఇరాక్ వాళ్లు కార్నర్ కిక్కును గోల్ ముందుకు కొట్టకుండా పక్కనే ఉన్న ఆటగాడికి అందించారు. అక్కణ్నుంచి గాల్లో వచ్చిన బంతిని జాఫర్ ఒమ్రాన్ తలతో లోపలికి నెట్టాడు. 2-2. మొట్టమొదటి ప్రపంచకప్ చేతికందినట్టే అంది జారిపోయింది, ఆ చోటు దక్షిణ కొరియాకు దక్కింది. మైదానంలో కూలబడిపోయిన కజు మియురా, రామోస్‌ల బొమ్మలు జపాన్ పత్రికల్లో ఏళ్ల తరబడి అచ్చవుతూనే ఉన్నాయి.

ఈ భాగపు కథానాయకుడు ఆ జట్టులో లేడు. అప్పటికి ఆట మానేసి మూడేళ్లయింది. సన్నగా, పొడుగ్గా, కళ్లజోడు పెట్టుకుని, చూడగానే ఏ బ్యాంకులోనో లోన్ల కౌంటర్ దగ్గర కూర్చునే మనిషిలా ఉండేవాడు. పేరు తకేషి ఒకాడా. 1956లో ఒసాకాలో పుట్టాడు. వాసెదా విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష మొదటిసారి తప్పి, ఏడాది ఇంట్లో కూర్చుని చదివి రెండోసారి సీటు తెచ్చుకున్నాడు. 1980లో ఫురుకావా ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. జె-లీగ్ అనే ప్రొఫెషనల్ లీగ్ రాకముందు జపాన్‌లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో చాలామంది ఇలా కంపెనీ ఉద్యోగులే. పగలు ఆఫీసు పని, సాయంత్రం ప్రాక్టీసు, ఆదివారం ఖాళీ గ్యాలరీల ముందు మ్యాచ్. ఒకాడా డిఫెండర్. దేశం తరఫున ఇరవై నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. బంతి ఎక్కడికొస్తుందో ముందే పసిగట్టే బుర్ర ఉందని తోటివాళ్లు చెప్పుకునేవారు తప్ప, ఆటోగ్రాఫుల కోసం ఎవరూ ఎగబడలేదు. జపాన్ ఫుట్‌బాల్‌లో అప్పటికి ఎగబడేంత సరుకే లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ రహీం సాబ్ శిక్షణలోని భారత జట్టు జపాన్‌ను 2-0తో ఓడించి, చివరికి బంగారు పతకంతో తిరిగొచ్చింది. అక్కణ్నుంచి వాళ్లెటు పోయారు, మనమెటు పోయాం అన్నది వేరే ధారావాహిక రాయాల్సినంత సంగతి.

ఒకాడా కథ అర్థం కావాలంటే ముందు 1996 మే 31 నాటి జ్యూరిక్ నిర్ణయం గుర్తు చేసుకోవాలి. 2002 ప్రపంచకప్‌ను జపాన్, దక్షిణ కొరియా కలిసి నిర్వహించాలని ఫిఫా ఆ రోజు తేల్చింది. ఒంటరిగా నిర్వహించాలని కోట్లు కుమ్మరించిన జపాన్‌కు అది సగం గెలుపు, సగం పరువు తక్కువ. పైగా ఇంకో ములుకు ఉండనే ఉంది. కొరియా అప్పటికే నాలుగు ప్రపంచకప్‌లు ఆడింది. జపాన్ ఒక్కటీ ఆడలేదు. 1998 ఫ్రాన్స్‌కు వెళ్లలేకపోతే, ఒక్కసారి కూడా అర్హత సాధించని దేశం ఆతిథేయి హోదాలో ఊరికే బరిలోకి దిగుతుంది. పెళ్లి పందిరి వేశాక పెళ్లికొడుకుని వెతుక్కునే పరిస్థితి. ఆ భయం ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు కెన్ నాగనుమా దగ్గర్నుంచి కన్వీనియన్స్ స్టోర్‌లో క్రీడా దినపత్రిక కొనుక్కునే గుమాస్తా దాకా అందరిలో ఉంది. కోచ్ మీద పడిన బరువులో సగం ఈ భయానిదే అని నా అభిప్రాయం.

1997 సెప్టెంబరులో ఆఖరి దశ అర్హత పోటీలు మొదలయ్యాయి. కోచ్ షు కామో, ఆయన సహాయకుడు ఒకాడా. మొదటి మ్యాచ్‌లో ఉజ్బెకిస్తాన్ మీద 6-3. కజు ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. దేశం ఫ్రాన్స్ విమానం ఎక్కేసినట్టే పండగ చేసుకుంది. అబుదాబిలో యూఏఈతో గోల్స్ లేని డ్రా. సెప్టెంబరు 28న టోక్యో జాతీయ స్టేడియంలో కొరియా ఎదురైంది. యమగుచి గోలీ తల మీదుగా లేపిన బంతితో జపాన్‌కు 1-0 ఆధిక్యం. అప్పుడు కామో ముందు వరస ఆటగాడు లోపెస్‌ను తీసేసి డిఫెండర్ అకితాను దింపాడు. కాపాడుకుందామనుకున్నాడు. కొరియా చివర్లో మూడు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిచిపోయింది. మర్నాడు కామోను ఉతకని పత్రిక లేదు.

అక్టోబరు 4న కజక్‌స్తాన్‌లోని అల్మాటీ. అక్కడా 1-0 ఆధిక్యం, అక్కడా ఆఖరి నిమిషంలో గోల్ ఇచ్చి 1-1. దోహా మళ్లీ వచ్చిందా అనిపించే డ్రా. ఆ రాత్రే హోటల్లో నాగనుమా కామోను తొలగించి, పరాయి దేశంలో, పోటీల నడిమధ్య, నలభై ఒక్క ఏళ్ల ఒకాడా చేతిలో జట్టు పెట్టాడు. అంతకుముందు ఏ పెద్ద జట్టుకూ ప్రధాన కోచ్‌గా ఒక్క రోజు పనిచేసిన అనుభవం లేని మనిషి! తనను తెచ్చుకున్న కామో దిగిపోతుంటే తాను ఆ కుర్చీలో కూర్చోవడం ఒకాడాకు మింగుడుపడలేదు. వారంలో తాష్కెంట్‌లో ఇంకో మ్యాచ్ ఉంది, అదొక్కటీ చూసి దిగిపోదామనే ఒప్పుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు.

తాష్కెంట్‌లో 1-1. టోక్యో తిరిగొచ్చి అక్టోబరు 26న యూఏఈతో మళ్లీ 1-1. దాంతో గుంపులో రెండో స్థానం కూడా ఇతర జట్ల దయ మీద ఆధారపడే స్థితి వచ్చింది. ఆ సాయంత్రం జాతీయ స్టేడియం బయట జరిగింది జపాన్ వాళ్లే నమ్మలేకపోయారు. క్యూలో నిలబడటానికి పేరుపడ్డ జనం కుర్చీలు, గుడ్లు విసిరారు. నిన్నటిదాకా దేవుడిలా చూసిన కజు బయటికొస్తుంటే చుట్టుముట్టి తిట్టారు, కజు కూడా ఎదురు తిరిగి అరిచాడు.

ఒకాడా ఇంటి సంగతి ఇంకా ఘోరం. తానెప్పుడో పేరున్న మనిషినవుతానని అనుకోలేదు గనుక, అందరిలాగే ఆయన ఇంటి నంబరు కూడా టెలిఫోన్ డైరెక్టరీలో అచ్చయి ఉంది. ఇంకేం, ఫోన్ మోగడం ఆగలేదు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఇంటి ముందు రాత్రింబగళ్లు పోలీసు కారు. పిల్లల్ని ఒంటరిగా బడికి పంపొద్దని పోలీసులు చెబితే, తల్లి వెంట ఉండి దింపి తీసుకొచ్చేది. ఒక డ్రా మ్యాచ్ కోసం ఒక ఇల్లు ఇంత వెల చెల్లించింది. ఆ రోజుల్లో ట్విటర్ లేదు, సెల్‌ఫోన్లు సంభాషణలకే పనికొచ్చేవి. అయినా ఒక దేశం కోపం ఒక వంటింటి దాకా రావడానికి ఆ డైరెక్టరీలో ఒక్క వరుస చాలింది.

నవంబరు 1న సియోల్. కొరియా అప్పటికే ఫ్రాన్స్ టికెట్ ఖాయం చేసుకుంది. గ్యాలరీలో కొరియా అభిమానులు ‘ఫ్రాన్స్‌కు కలిసి వెళ్దాం’ అని ఇంగ్లీషులో పెద్ద బ్యానర్ కట్టారు. వలస పాలన గాయాలున్న రెండు దేశాల మధ్య అలాంటి బ్యానర్ చిన్న విషయం కాదు. కలిసి ఆతిథ్యం ఇవ్వాల్సిన పొరుగువాడు మరీ నవ్వులపాలు కావడం వాళ్లకూ ఇష్టంలేదేమో. జపాన్ మొదటి నిమిషంలోనే నానామి గోల్‌తో మొదలుపెట్టి 2-0తో గెలిచింది. తర్వాత కజక్‌స్తాన్‌ను టోక్యోలో 5-1తో చిత్తు చేసి గుంపులో రెండో స్థానం దక్కించుకుంది. మిగిలింది అవతలి గుంపులో రెండో స్థానంలో ఉన్న ఇరాన్‌తో ఒక్క మ్యాచ్. తటస్థ వేదికగా మలేషియాలోని జొహోర్ బారును ఎంచుకున్నారు. గెలిస్తే ఫ్రాన్స్, ఓడితే ఆస్ట్రేలియాతో ఇంకో పరీక్ష.

మ్యాచ్ ముందు రాత్రి ఒకాడా జొహోర్ బారు నుంచి భార్యకు ఫోన్ చేశాడు. రేపు ఓడిపోతే జపాన్‌లో బతకలేం, కొన్నాళ్లు ఏ పరాయి దేశంలోనో ఉండాల్సిరావచ్చు అన్నాడు. ఆ ఫోన్ పెట్టేశాకే తనలో ఏదో తెగిపోయి తేలికైందని, చేతనైనంత చేస్తాను, కుదరకపోతే తప్పు నన్ను ఎంచుకున్న అధ్యక్షుడిదే అనుకున్నాననీ తర్వాతి ప్రసంగాల్లో చాలాసార్లు నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పగలిగింది గెలిచాడు గనుకే.

నవంబరు 16, ఆదివారం. మలేషియాలో జరుగుతున్నా గ్యాలరీలు నీలంతో నిండిపోయాయి. ఆ రోజుల్లో జపాన్ అభిమానులు నీలం ప్లాస్టిక్ సంచుల్లో గాలి నింపి ఊపేవాళ్లు, ఆట అయ్యాక అవే సంచుల్లో తమ చుట్టూ ఉన్న చెత్త ఎత్తి పోయేవాళ్లు. ఇప్పుడు ప్రతి ప్రపంచకప్‌లోనూ వీడియోలుగా తిరిగే ఆ అలవాటుకు మూలం ఇలాంటి రాత్రులే.

నకయామా గోల్‌తో జపాన్ ముందుకెళ్లింది. విరామం అయిన వెంటనే అజీజీ సమం చేశాడు, అలీ దాయీ తలతో కొట్టి ఇరాన్‌ను 2-1కి చేర్చాడు. 63వ నిమిషంలో ఒకాడా ముందు వరసలోని ఇద్దర్నీ, నకయామానూ కజునూ, ఒకేసారి బయటికి పిలిచాడు. బోర్డు మీద తన 11వ నంబరు చూసిన కజు ‘నేనా?’ అన్నట్టు తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఆ ఒక్క సైగ జపాన్‌లో ఎంతమందికి గుర్తుందో చెప్పలేం. అప్పటిదాకా కజును తీసేయడమంటే ఎవరి ఊహకూ అందని మాట. వాళ్ల స్థానంలో వచ్చిన జో షోజి 76వ నిమిషంలో తలతో గోల్ కొట్టాడు. పంపింది ఇరవై ఏళ్ల హిదెతోషి నకాతా. ఇరవై ఏళ్ల కుర్రాడు జట్టును నడుపుతుంటే ముప్ఫై ఏళ్ల మహారాజు బెంచి మీద కూర్చున్నాడు. తరం మారిన నిమిషం అదే అని జపాన్ రచయితలు ఇప్పటికీ రాస్తారు.

అదనపు సమయానికి ముందు ఆటగాళ్లు, కోచ్‌లు, వైద్యులు, సామాన్లు మోసేవాళ్లు అంతా భుజాల మీద చేతులేసుకుని ఒక పెద్ద వలయంగా నిలబడ్డారు. అప్పటి నిబంధన ప్రకారం ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే గెలుపు. ఒకాడా ఒకానోను దింపాడు. పొడుగు జుట్టు, గుర్రంలా పరుగు. ఆ పోటీల్లో అప్పటిదాకా ఒక్క నిమిషం కూడా ఆడించని మనిషి. దిగిన దగ్గర్నుంచి వరసగా అవకాశాలు పాడుచేశాడు. గోలీ ఒక్కడే ఎదురుగా ఉన్నప్పుడు కూడా తాను కొట్టకుండా పక్కకు నెట్టాడు. గ్యాలరీల్లోనూ ఇళ్లలోనూ జనం తల పట్టుకున్నారు. 118వ నిమిషంలో నకాతా ఎడమ కాలితో కొట్టిన బంతిని గోలీ అబెద్‌జాదె తోసేస్తే, అది ఒకానో ముందు పడింది. జారుతూ లోపలికి నెట్టాడు. 3-2. బెంచి మీద ఒక్కరు మిగల్లేదు. కళ్లజోడు జారిపోతున్నా పట్టించుకోకుండా ఒకాడా కూడా మైదానంలోకి పరుగెత్తాడు.

ఆ ప్రసారానికి టోక్యో ప్రాంతంలో 47.9 శాతం వీక్షకులు. అర్ధరాత్రి దాటాక కూడా జనం నిద్రపోలేదు. తెల్లారితే సోమవారం, నవంబరు 17. ఆ ఉదయమే హొక్కైదో తకుషొకు బ్యాంకు కూలిపోయిందన్న వార్త వచ్చింది. యుద్ధానంతర జపాన్‌లో ఒక పెద్ద నగర బ్యాంకు మూతపడటం అదే మొదలు. మరో వారానికి, నవంబరు 24న, వందేళ్ల చరిత్ర ఉన్న యమాఇచి సెక్యూరిటీస్ మూసేస్తున్నామని ప్రకటించింది. ఉద్యోగుల తప్పేం లేదంటూ దాని అధ్యక్షుడు కెమెరాల ముందు ఏడ్చాడు. జీవితాంతం ఉంటుందనుకున్న ఉద్యోగం కళ్లముందు ఆవిరైపోతున్న ఆ నెలలో, ఓడిపోతాడనుకున్న గుమాస్తా మొహం మనిషి ఒకడు గెలిచి నిలబడ్డాడు. జనం ఆయన్ని ‘ఒకా-చాన్’ అని పిలవడం మొదలుపెట్టారు. చిన్నపిల్లల్నీ దగ్గరివాళ్లనీ పిలిచే ముద్దు పిలుపది. వాణిజ్య ప్రకటనల్లోనూ వినోద కార్యక్రమాల్లోనూ ఆయన కళ్లజోడును అనుకరించారు. టెలిఫోన్ మోగుతూనే ఉంది, అవతలి గొంతులే మారాయి.

ఈ ముద్దు ఏడు నెలలు కూడా నిలవలేదు.

1998 జూన్ 2, స్విట్జర్లాండ్‌లోని న్యాన్. ఇరవై ఐదు మందిని తీసుకెళ్లిన ఒకాడా ముగ్గుర్ని తగ్గించాలి. విలేఖరుల ముందు కూర్చుని మూడు పేర్లు చదివాడు. ఇచికావా, కజు, కితజావా. మొహంలో ఏ భావమూ లేదు. పదిహేనేళ్ల వయసులో ఒంటరిగా బ్రెజిల్ వెళ్లి అక్కడ సాంతోస్ చొక్కా వేసుకున్నవాడు, జె-లీగ్ మొదటి ఏడాది ఉత్తమ ఆటగాడు, దోహాలో కూలబడినవాడు, ప్రపంచకప్ అన్న మాటకు జపాన్‌లో మారుపేరయినవాడు. అతనికే ప్రపంచకప్ లేదు! అర్జెంటీనాతో, క్రొయేషియాతో మ్యాచ్ ఎలా నడుస్తుందో మనసులో ఆడి చూసుకున్నా కజును దింపే సందర్భం కనబడలేదని ఒకాడా వివరణ. కజు జుట్టుకు రంగేసుకుని నరితా విమానాశ్రయంలో దిగి, తన ప్రాణం మాత్రం అక్కడే వదిలి వచ్చానన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. దేశం ఆ మాటతో పాటు ఏడ్చింది.

ఆట లెక్కన ఒకాడాది తప్పు కాదనే నేననుకుంటాను. అర్హత పోటీల మొదటి మ్యాచ్ తర్వాత కజు ఆ జోరు మళ్లీ చూపలేదు. కానీ చెప్పిన తీరు వేరే సంగతి. అంత పెద్ద వార్తను గుమాస్తా జాబితా చదివినట్టు చదివి లేచిపోయాడు. జనానికి గుచ్చుకున్నది ఆ పొడి గొంతే. ఆయన మాత్రం ఆ ముగ్గురిలో ఎవరికీ ఎక్కువ తక్కువ చేయకూడదని అలా చదివి ఉండవచ్చు. రెండూ నిజమే కావచ్చు.

ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో త్వరగా చెప్పేయవచ్చు. ఒక గెలుపు, ఒక డ్రా, ఒక ఓటమి అని ఒకాడా ముందే లెక్క చెప్పాడు. తూలూజ్‌లో బతిస్తూతా గోల్‌తో అర్జెంటీనా 1-0, నాంత్‌లో షూకర్ గోల్‌తో క్రొయేషియా 1-0, లియోన్‌లో జమైకా 2-1. మూడుకు మూడూ ఓటమే. జమైకా మీద నకయామా కొట్టిన గోల్ ప్రపంచకప్‌లో జపాన్ మొదటి గోల్, అదీ ఎముక విరిగిన కాలితో ఆట ముగించిన మనిషిది. నరితాలో దిగాక జో షోజి మీద ఒకడు నీళ్లు కొట్టాడు. ఒకాడా రాజీనామా చేశాడు. కజును తీసుకెళ్లి ఉంటే అన్న ప్రశ్న ఆ తర్వాత ఇరవై ఏళ్లు బార్లలో నడిచింది.

ఆయన వెళ్లింది ఎక్కడికో చూడండి. హొక్కైదో! బ్యాంకు కూలి కుదేలైన ఆ ఉత్తర దీవిలో, సప్పొరో నగరపు కొన్‌సాదొలె జట్టు రెండో శ్రేణి లీగ్‌లో ఈడుస్తోంది. మంచు కురిసే ఊళ్లో, డబ్బుల్లేని క్లబ్బులో 1999లో చేరి, 2000లో మొదటి శ్రేణికి ఎక్కించాడు. అక్కణ్నుంచి యొకొహామా మారినోస్. 2003లో, 2004లో వరసగా జె-లీగ్ టైటిల్. 2003 సీజన్ ఆఖరి రోజు గోలీ ఎర్రకార్డుతో బయటికెళ్లి పది మందితో ఆడుతూ, అదనపు నిమిషాల్లో కుబో తలతో కొట్టిన గోల్‌తో గెలిచారు. న్యాన్ మనిషి కాస్త మరుగున పడ్డాడు. గెలిచే కోచ్ అన్న పేరు వచ్చింది.

అంతలో 2007 నవంబరులో జాతీయ జట్టు కోచ్ ఇవిచా ఒసిమ్ పక్షవాతంతో కుప్పకూలాడు. బోస్నియా నుంచి వచ్చిన ఆ ముసలాయన మాటలు జపాన్‌లో సూక్తుల్లా పుస్తకాలుగా అమ్ముడుపోతున్న రోజులవి. జనం ఇంతగా ప్రేమించిన మనిషి మంచాన పడితే, ఆ కుర్చీలోకి రావాల్సింది మళ్లీ ఒకాడాయే. మళ్లీ ఇంకొకరి దురదృష్టం మీదుగానే.

వాసెదా రగ్బీ గురువు ఓనిషి చెప్పిన ‘దగ్గరగా రా, విస్తరించు, ఆగకు’ అన్న సూత్రాన్ని ఫుట్‌బాల్‌కు తెస్తానన్నాడు. 2010 దక్షిణాఫ్రికాలో సెమీఫైనల్ చేరతామని లక్ష్యం ప్రకటించాడు. అప్పటికి విదేశీ గడ్డ మీద ప్రపంచకప్‌లో ఒక్క గెలుపూ లేని దేశం సెమీఫైనలా అని నవ్వారు. ఆ నవ్వు 2010 వసంతానికి కోపమైంది. ఫిబ్రవరిలో సొంతగడ్డ మీద కొరియా చేతిలో 3-1 ఓటమి. ఏప్రిల్‌లో సెర్బియా ద్వితీయ శ్రేణి ఆటగాళ్ల చేతిలో 3-0. మే 24న సైతామాలో మళ్లీ కొరియా చేతిలో 2-0. ఆ రాత్రి ఒకాడా సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, నన్ను కొనసాగించడం మీకు సమ్మతమేనా అని అడిగాడు. అది బయటికి పొక్కితే తెల్లారి జోక్ అన్నాడు. ప్రపంచకప్‌కు మూడు వారాల ముందు కోచ్ అలాంటి జోక్ వేస్తాడా అని దేశం నెత్తి కొట్టుకుంది. ఈసారి కోపం తెలపడానికి డైరెక్టరీ అక్కర్లేదు, ప్రతి చేతిలో సెల్‌ఫోన్ ఉంది.

స్విట్జర్లాండ్ కొండల్లోని సాస్-ఫే శిబిరంలో ఆటగాళ్లు తమలో తాము కూర్చుని మాట్లాడుకున్నారు. ఆడే అవకాశం దాదాపు లేని మూడో గోలీ కవగుచిని ఒకాడా ప్రత్యేకంగా తీసుకొచ్చింది ఇలాంటి వేళ కోసమే. మనకంత ఆట లేదు, ఉన్నట్టు నటించడం మాని ఒళ్లు వంచి ఆడదాం అన్నది డిఫెండర్ తులియో మాట. ఒకాడా కూడా మెట్టు దిగాడు. రెండున్నరేళ్లు బోధించిన సిద్ధాంతం మూట కట్టి పక్కన పెట్టాడు. జట్టు ముఖచిత్రమైన షున్‌సుకె నకమురాను బెంచి మీదికి పంపాడు. గోలీని మార్చాడు, కెప్టెన్సీ హసెబెకు ఇచ్చాడు, డిఫెన్స్ ముందు అబెను కాపలా పెట్టాడు, మధ్యలో ఆడే హోండాను ఒంటరిగా ముందుకు తోశాడు. ఇదంతా వ్యూహ చతురత అని తర్వాత చాలామంది రాశారు. నాకు మాత్రం అది దిక్కుతోచనివాడి తెగింపుగానే కనిపిస్తుంది. కాకపోతే పన్నెండేళ్ల కిందట కజును తీసేసి అంత అనుభవించినవాడు, మళ్లీ అదే స్థాయి మనిషిని పక్కన పెట్టడానికి జంకలేదు. గొప్పతనమంటూ ఉంటే అక్కడ ఉంది.

జూన్ 14, బ్లూమ్‌ఫాంటైన్. మత్సుయి వేసిన క్రాస్ అందుకుని హోండా 39వ నిమిషంలో గోల్ కొట్టాడు. కామెరూన్ మీద 1-0. నెదర్లాండ్స్ చేతిలో 1-0 ఓటమి, కానీ నిలదొక్కుకున్న ఓటమి. జూన్ 24న రుస్టెన్‌బర్గ్‌లో డెన్మార్క్. జపాన్‌లో అప్పుడు తెల్లవారుజాము మూడున్నర. మొదటి బస్సు పట్టుకుని ఆఫీసుకు పోవాల్సినవాళ్లు పక్కమీంచి లేచి టీవీ ముందు కూర్చున్నారు. హోండా ఫ్రీ కిక్, ఎందో ఫ్రీ కిక్, చివర్లో ఒకజాకి. 3-1. ఆ ఉదయం రైళ్లలో నిద్రమొహాలన్నీ నవ్వుతున్నాయి.

ట్విటర్‌లో అప్పటికే ఒక మాట పాకిపోయింది. ‘ఒకా-చాన్, గొమెన్ నె.’ ఒకా-చాన్, మన్నించు. నెల కిందట రాజీనామా చేయమని రాసిన వేళ్లే ఈ మాటా రాశాయి. ముద్దుపేరు కూడా పన్నెండేళ్ల తర్వాత పెట్టెలోంచి తీసి దులిపారు. ఇంతమంది ఒక కోచ్‌కు క్షమాపణ చెప్పడం అంతకుముందు నేనెక్కడా చూడలేదు. దాన్ని చదివి చాలామంది కదిలిపోయారు. నాకు కదలడంకంటే జాగ్రత్తే ఎక్కువ కలుగుతుంది. గెలిచాక అడిగే క్షమాపణకు ఖర్చేముంది? ఆ మ్యాచ్‌లు ఓడిపోయి ఉంటే ఆ మాట పుట్టేది కాదు, అదే మనిషి అవే నిర్ణయాలు తీసుకుని ఉన్నా సరే. ఒకాడాకూ ఇది తెలుసు. పొగడ్తకు పొంగినట్టు ఆయన మాటల్లో ఎక్కడా కనబడదు.

జూన్ 29న ప్రిటోరియాలో పరాగ్వే. నూట ఇరవై నిమిషాల్లో గోల్ లేదు. పెనాల్టీల్లో కొమానో కొట్టిన బంతి పై కర్రకు తగిలి ఎగిరిపోయింది, 5-3తో పరాగ్వే ముందుకెళ్లింది. టోక్యో ప్రాంతంలో 57.3 శాతం ఆ రాత్రి మెలకువగా ఉండి చూశారు. కన్‌సాయ్ విమానాశ్రయంలో జట్టు దిగితే వేలమంది చప్పట్లు కొట్టారు. 1998లో నీళ్లు కొట్టిన దేశం పెనాల్టీ తప్పిన కొమానోను పేరుపెట్టి పిలిచి ఊరడించింది. కోచ్‌కు ఉండిపొమ్మన్న సూచనలు వచ్చాయి. ఆయన ఉండలేదు.

ఆ తర్వాత చైనాలో హాంగ్‌జౌ జట్టుకు పనిచేసి, 2014లో షికొకు దీవిలోని ఇమబరి అన్న రేవు పట్నానికి చేరాడు. తువాళ్లకూ ఓడల తయారీకీ పేరున్న ఊరు. ప్రాంతీయ లీగ్‌లో ఆడుతున్న అక్కడి క్లబ్బులో సగానికి పైగా వాటా తీసుకుని యజమాని అయ్యాడు. స్పాన్సర్ల కోసం కంపెనీ గుమ్మాలెక్కాడు, స్టేడియం కట్టించాడు, ఒక హైస్కూలు కూడా నడుపుతున్నాడు. 2025కల్లా ఆ జట్టు రెండో శ్రేణి లీగ్‌కు చేరింది. ఇంకో భాగంలో ఈ పట్నానికి మళ్లీ రావాల్సి ఉంది, అప్పుడు తీరిగ్గా చెప్పుకుందాం.

వచ్చే భాగంలో మగవాళ్ల జట్టును కాసేపు పక్కన పెడదాం. ప్రిటోరియా తర్వాత ఎనిమిదిన్నర నెలలకు, 2011 మార్చి 11న, జపాన్ ఈశాన్య తీరాన్ని సముద్రం మింగింది. అదే ఏడాది జూన్‌లో, పగలు చిల్లర ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ప్రాక్టీసు చేసే అమ్మాయిలు జర్మనీలో ప్రపంచకప్‌కు దిగారు. వాళ్ల కోచ్ నొరియో ససాకి కూడా ఒకాడా లాగే కంపెనీ జట్టు ఆటగాడే. క్వార్టర్‌ఫైనల్‌లో ఎదురుగా ఉన్నది జర్మనీయే. ఆ మ్యాచ్‌కు ముందు ససాకి తన జట్టుకు ఏం చూపించాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం జరిగింది అన్నది అప్పుడు.